రక్తంలో కొలత: హార్మోన్లు, శరీర పాలన



మాష్టారు మా తరానికి ఫిజియాలజీ చెప్పారు. ఎవరు లేచి ఏ పదార్థం గురించి చెప్పబోయినా, అది ఎక్కడ పుడుతుందో ఏం చేస్తుందో పూర్తికాకముందే "ఎంత?" అని అడిగేవారు. రక్తంలో చక్కెర ఉంటుందంటే ఎంత అని, ఉప్పు ఉంటుందంటే ఎంత అని. అంకె లేకుండా శరీరం గురించి మాట్లాడడం ఆయనకు రుచించేది కాదు. ఆయన పేరున జరిగే ఈ స్మారక ఉపన్యాసానికి హార్మోన్లను ఎంచుకున్నది అందుకే. ఎంత అన్న ప్రశ్నకు ప్రాణం ముడిపడి ఉన్న చోటు శరీరంలో ఇంతకు మించి నాకు కనబడలేదు.

నేను చెప్పదలచింది ఒకటే. శరీరం తన రక్తాన్ని తానే క్షణక్షణం కొలుచుకుంటుంది. ఆ కొలత నడిచినంతకాలం గ్రంథులు తమ పని తాము చేసుకుపోతాయి. కొలత తెగిన చోట ఆ పనికి మనం పూనుకోవాలి. అలా మనం పూనుకోవలసిన కొలతల్లో ఒకదాన్ని మన దేశం ఇంకా అందరికీ అందించలేదు. దాని దగ్గరికి చివర వస్తాను.

ముందు చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే ఆచార్యుడు ఆరు కోడిపుంజుల మీద ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు తీసేసిన పుంజుకు జుట్టు వాడిపోయింది, కూత పోయింది, పోట్లాట మానేసింది. తీసిన వృషణాన్ని తిరిగి కడుపులో, దాని అసలు స్థానం కాని చోట అమర్చినప్పుడు మాత్రం పుంజు పుంజులాగే పెరిగింది. అక్కడికి పాత నాడులేవీ వెళ్లవు కనుక, వృషణం నుంచి ఏదో రక్తంలోకి చేరి ఒళ్లంతా ప్రభావం చూపుతోందని ఆయన నిర్ణయించాడు. సరైన నిర్ణయం. కానీ ఆ దారిన ఎవరూ నడవలేదు. అర్ధశతాబ్దం గడిచిపోయింది.

ఆ అర్ధశతాబ్దమూ నాడులదే రాజ్యం. రష్యాలో పావ్‌లోవ్ జీర్ణరసాల మీద చేసిన పరిశోధనలతో, ఒక అవయవం ఇంకో అవయవంతో మాట్లాడాలంటే నాడి ఒక్కటే దారి అన్న నమ్మకం గట్టిపడింది. ఆహారం కడుపులోంచి చిన్నపేగులోకి దిగగానే క్లోమం రసం వదులుతుంది. పేగు సంగతి క్లోమానికి ఎలా తెలిసింది? నాడుల ద్వారానే అని అందరూ అనుకున్నారు.

1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు దీన్ని పరీక్షకు పెట్టారు. వాళ్లిద్దరూ బావా బావమరుదులు. స్టార్లింగ్ తోబుట్టువును బేలిస్ పెళ్లాడాడు. మత్తులో ఉన్న కుక్క చిన్నపేగులో ఒక ముక్కను రెండు చివరలా కట్టి, దానికి వచ్చే నాడులన్నీ కోసేశారు. రక్తనాళాలు మాత్రం మిగిల్చారు. ఆ ముక్కలోకి పలుచని ఆమ్లం పోశారు. క్లోమరసం ఎప్పటిలాగే కారింది. నాడి లేదు, అయినా కబురు అందింది. వెంటనే స్టార్లింగ్ ఆ పేగు లోపలి పొర గీకి, ఇసుకతో, ఆమ్లంతో నూరి, వడకట్టి, ఆ ద్రవాన్ని కుక్క మెడ సిరలోకి ఎక్కించాడు. క్లోమరసం మరింత ధారగా వచ్చింది. ఆ పదార్థానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు.

పావ్‌లోవ్ తన ప్రయోగశాలలో ఇదే ప్రయోగం చేయించి చూశాడు, ఒప్పుకున్నాడు. తన జీవితకాలపు సిద్ధాంతానికి ఎదురొచ్చిన సాక్ష్యాన్ని కళ్లతో చూసి తలవంచడం విద్యార్థులు నేర్చుకోదగ్గ పాఠం. ఇక 1905లో ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి హార్మోన్ అన్న పేరు స్టార్లింగ్ మొదటిసారి సభలో పలికింది లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వారి క్రూనియన్ ఉపన్యాసాల్లో. అదీ ఒక స్మారకనిధి ఉపన్యాసమే. ఇలాంటి సభలకు అప్పుడప్పుడు అంతటి భాగ్యం కలుగుతుంది.

ఇప్పుడు అంకెల దగ్గరికి. పెద్దవాళ్ల రక్తం మొత్తం సుమారు 5 లీటర్లు. పరగడుపున అందులో ఉండే గ్లూకోజు అయిదు గ్రాములకు మించదు. మెదడు ఒక్కటే రోజుకు వంద గ్రాములకు పైగా గ్లూకోజు వాడుకుంటుంది. అంటే ఉన్న నిల్వ గంట సేపటికి కూడా రాదు, తియ్యడమూ పొయ్యడమూ నిరంతరం జరుగుతూనే ఉండాలి. అయినా ఆరోగ్యంగా ఉన్నవాడు పండగ భోజనం చేసినా, ఏకాదశి ఉపవాసం చేసినా, ఆ అంకె ఇరుకైన హద్దుల్లోనే తిరుగుతుంది. దాన్ని అక్కడ నిలబెట్టే ఇన్సులిన్, గ్లూకగాన్ అనే హార్మోన్ల పరిమాణం గ్లూకోజుతో పోలిస్తే ఏమీ కాదు. థైరాయిడ్ హార్మోన్ ఇంకా విడ్డూరం. ప్రోటీన్లకు అంటుకోకుండా స్వేచ్ఛగా తిరిగే థైరాక్సిన్ లీటరు సీరంలో సుమారు 8 నుంచి 18 నానోగ్రాముల దాకా ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లో వంతు. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, ఒంట్లో వేడి ఎంత పుట్టాలి, పసివాడి మెదడు ఎలా ఎదగాలి అన్నవి ఆ వందకోట్లో వంతుల మీద నడుస్తున్నాయి.

ఇంత స్వల్పాన్ని కొలవడం 1950ల దాకా మనిషికి చేతకాలేదు. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ వెటరన్స్ ఆస్పత్రిలో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కలిసి ఆ పని సాధించారు. ఇన్సులిన్ సూదులు వేసుకునే మధుమేహ రోగుల రక్తంలో ఆ ఇన్సులిన్ తొందరగా పోకుండా నిలబడిపోవడం గమనించారు. దానికి వ్యతిరేకంగా శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుని పట్టి ఉంచుతోందని చెప్పారు. అంత చిన్న ప్రోటీన్‌కు యాంటీబాడీలు పుట్టవన్నది అప్పటి పండితుల మాట. పత్రిక వ్యాసాన్ని తిప్పికొట్టింది. ఆ తిరస్కరణ లేఖను యాలో భద్రంగా దాచుకుని, 1977లో నోబెల్ ఉపన్యాసంలో చూపించారు. ఆ యాంటీబాడీనే కొలబద్దగా చేసుకుని, రేడియోధార్మికత తగిలించిన హార్మోన్‌తో అసలు హార్మోన్‌ను పోటీకి పెట్టి, నానోగ్రాముల్ని లెక్కగట్టే పద్ధతి వాళ్లు కనిపెట్టారు. దానికి పేటెంటు తీసుకోలేదు. బెర్సన్ 1972లోనే పోయారు, బహుమతి చూడలేదు. ఈ రోజు మన ఊళ్లలో సందు సందుకీ ఉన్న ల్యాబుల్లో హార్మోన్ పరీక్షలు జరుగుతున్నాయంటే ఆ ఇద్దరి పుణ్యం.

మనిషికి 1950లదాకా రాని ఆ విద్య శరీరానికి పుట్టుకతోనే వచ్చు. ఎలాగో థైరాయిడ్ ఉదాహరణతో చెప్తాను. ఈ ఒక్కటి బాగా అర్థమైతే మిగతా గ్రంథులు సులువు.

మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ ఉంది. అది టీఆర్‌హెచ్ అనే చిన్న పదార్థాన్ని వదులుతుంది. మూడే అమైనో ఆమ్లాల ముక్క. దాన్ని విడదీసి పట్టుకోవడానికి అమెరికాలో గియ్‌మాన్ లక్షలకొద్దీ గొర్రెల మెదళ్లు, షాలీ లక్షలకొద్దీ పందుల మెదళ్లు సేకరించి ఏళ్ల తరబడి పోటీపడ్డారు. 1969కి ఇద్దరూ గమ్యం చేరారు. యాలోతో పాటు 1977లో నోబెల్ పంచుకున్నది వీళ్లే. ఆ టీఆర్‌హెచ్ కింద ఉన్న పిట్యూటరీని, అంటే మన పాఠ్యపుస్తకాల్లోని పీయూష గ్రంథిని, కదిలిస్తుంది. అర గ్రాము బరువున్న ఆ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతుంది. టీఎస్‌హెచ్ మెడలోని థైరాయిడ్‌ను కదిలిస్తుంది. థైరాయిడ్ అయోడిన్‌ను పీల్చుకుని థైరాక్సిన్ తయారుచేస్తుంది.

ఇంతవరకు పైనుంచి కిందికి ఆజ్ఞలు పోతున్నట్టు కనబడుతుంది. పిట్యూటరీని గ్రంథులకు రాజు అని చాలా పుస్తకాలు రాశాయి. నాకు ఆ మాట నచ్చదు. ఎందుకంటే థైరాక్సిన్ రక్తంలో తిరిగి మళ్లీ ఆ పిట్యూటరీ దగ్గరికే వెళ్తుంది. పిట్యూటరీ కణాలు దాన్ని లోపలికి తీసుకుని, టీ3 అనే చురుకైన రూపంలోకి మార్చుకుని, సరిపోయిందో లేదో చూసుకుంటాయి. సరిపోతే టీఎస్‌హెచ్ తగ్గిస్తాయి, చాలకపోతే పెంచుతాయి. వరిమడికి నీళ్లు పెట్టే రైతు గట్టు మీద నిలబడి మట్టం చూసుకుంటూ మడవ తీస్తాడు, కట్టేస్తాడు. పిట్యూటరీ పని అచ్చంగా అదే, కాకపోతే రాత్రీ పగలూ గట్టు దిగదు. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటాం. ఇందులో రాజెవరూ లేరు. పైనున్న గ్రంథి కూడా కింది గ్రంథి చేసిన పనిని చూసే నడుచుకుంటుంది.

ఈ చూపు ఎంత నిశితమైనదంటే, రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ రెట్టింపుతో ఆగదు. పదుల రెట్లు, ఒక్కోసారి వంద రెట్ల దాకా పెరుగుతుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడు డాక్టర్లు మొదట టీఎస్‌హెచ్ రాస్తారు. మనం ఆ పరీక్షలో చదివేది పిట్యూటరీ వేసిన లెక్కనే. ఇంకో సంగతి. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. కాబట్టి థైరాక్సిన్ మాత్ర మోతాదు మార్చాక పిట్యూటరీ కొత్త లెక్కకు సర్దుకోవడానికి ఆరు వారాలైనా కావాలి. పదిరోజులకే మళ్లీ పరీక్ష చేయించి, అంకె మారలేదని మోతాదు పెంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పరగడుపున మాత్ర వేసుకుని, కాఫీకి అరగంటో గంటో ఆగండి. కాల్షియం, ఐరన్ మాత్రలు దానితో కలిపి మింగకండి, నాలుగు గంటలు ఎడం ఉంచండి.

ఈ గ్రంథి లేకపోతే ఏమవుతుందో మనిషి తెలుసుకున్నది చేదు దారిలో. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో టెయోడోర్ కోఖర్ అనే సర్జన్ ఉండేవాడు. ఆల్ప్స్ కొండల్లో మెడ కింద పెద్ద గడ్డలతో, అంటే గాయిటర్‌తో, జనం బాధపడేవారు. ఆ గడ్డ కోస్తే రక్తం కారి చచ్చిపోవడం అప్పట్లో మామూలు. కోఖర్ ఎంతో ఓపికగా, రక్తం చుక్క వృథా కాకుండా, గ్రంథి మొత్తం తీసేసే నేర్పు సాధించాడు. తర్వాత తన పాత రోగుల్ని పిలిపించి చూశాడు. మొత్తం గ్రంథి తీసేసిన 18 మందిని పరీక్షిస్తే 16 మంది మందకొడిగా, ఉబ్బిన మొహాలతో, చలికి వణుకుతూ, మాట తడబడుతూ కనిపించారు. పిల్లల ఎదుగుదల ఆగిపోయింది. శస్త్రచికిత్స సఫలమైంది, మనిషి క్షీణించాడు. 1883లో కోఖర్ ఈ విషయాన్ని దాచకుండా సర్జన్ల సభలో ప్రకటించి, ఇకమీదట మామూలు గాయిటర్‌కు గ్రంథి మొత్తం తీయనన్నాడు. 1909లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. చేతి నేర్పు కంటే ఆ వెనక్కి తిరిగి చూసిన చూపు గొప్పదని నా ఉద్దేశం.

కోఖర్ చూపిన లోటును ఎనిమిదేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే పూడ్చాడు. 1891లో, థైరాయిడ్ చెడిపోయి మంచాన పడిన 46 ఏళ్ల స్త్రీకి గొర్రె థైరాయిడ్ సారాన్ని సూది ద్వారా ఎక్కించాడు. ఆమె కోలుకుంది. ఆ మందు మీదే ఇంకో 28 ఏళ్లు బతికి, 74వ ఏట పోయింది. ఆమె జీవితకాలానికి ఎనిమిది వందలకు పైగా గొర్రెల గ్రంథులు కావలసివచ్చాయి. లోపించిన హార్మోన్‌ను బయటినుంచి ఇచ్చి మనిషిని నిలబెట్టవచ్చని అలా రుజువైంది. ఇప్పుడు అదే పనిని మైక్రోగ్రాముల మాత్ర చేస్తోంది.

ఇక గాయిటర్ అసలు ఎందుకు వస్తుంది? ఇక్కడ మన తెలుగువాడి ప్రస్తావన వస్తుంది. ఇది నేను ఎక్కువసేపు చెప్తాను.

పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, గర్భిణికి 250. తిండిలో అది లేకపోతే థైరాక్సిన్ తయారుకాదు. పిట్యూటరీ లోటు పసిగట్టి టీఎస్‌హెచ్ పెంచుతుంది. థైరాయిడ్ ఆ ఒత్తిడికి కణాలు పెంచుకుని, ఉన్న కాస్త అయోడిన్‌నే మరింత గట్టిగా పట్టుకోవాలని పెద్దదవుతుంది. ఏళ్ల తరబడి అలా పెరిగి మెడలో గడ్డగా కనబడుతుంది. అంటే గాయిటర్‌లో కొలత తప్పలేదు, ఆజ్ఞ తప్పలేదు, గ్రంథి పనిలోనూ లోపం లేదు. లేనిది ముడిసరుకు. హిమాలయాల నేలలోంచి వానలు, మంచు, వరదలు యుగాలుగా అయోడిన్‌ను కడిగేశాయి. ఆ నేలలో పండిన పంట తిన్నవాళ్లకు తరతరాలుగా ఈ గడ్డలు. వాళ్ల పిల్లల్లో చెవుడు, మందబుద్ధి.

1921లో శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. తొలి రోజుల్లో కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. మన హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో అక్కడినుంచి తరలివచ్చిందే. ఆయన పెథాలజిస్టు. పెథాలజిస్టు అంటే సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాడని మన ఊహ. ఈయన 1950ల్లో సహచరులతో హిమాచల్ కొండల్లోని కాంగ్రా లోయకు వెళ్లి, లక్షకు పైబడిన జనాభా ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. అక్కడి పిల్లల్లో నూటికి నలభై మందికి కాస్త తక్కువగా గాయిటర్ ఉంది. 1956 నుంచి రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు పంపిణీ అయ్యింది. ఆరేళ్లకు, అయోడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా గాయిటర్ సగానికో అంతకంటే తక్కువకో దిగింది. మామూలు ఉప్పు తిన్న చోట ఉన్నది ఉన్నట్టే ఉంది. ఫలితం తేలాక ఆ మూడో భాగానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గుముఖం పట్టింది.

ఈ ప్రయోగంలో ఖరీదైన యంత్రం లేదు, కొత్త మందు లేదు. ప్రతి వంటింట్లో ఉండే ఉప్పు, లోయంత విస్తీర్ణం ఉన్న ఓపిక. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. 1992లో దాని పేరు అయోడిన్ లోప వ్యాధుల నివారణ కార్యక్రమంగా మారింది. గడ్డ ఒక్కటే జబ్బు కాదు, కడుపులోని శిశువు మెదడు నుంచి మొదలయ్యే నష్టం పెద్దది అని గుర్తించిన మార్పు అది. 2006 నుంచి తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి. వినియోగదారుడి చేతికి వచ్చేసరికి గ్రాము ఉప్పులో 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలి. రామలింగస్వామి తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరయ్యారు, భారత వైద్య పరిశోధన మండలికి, అంటే ఐసీఎంఆర్‌కు, అధిపతి అయ్యారు, రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 2001లో పోయారు. ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఇంకా పెద్దక్షరాలతో ఉండాలని నా కోరిక.

సముద్రం పక్కన ఉన్నవాళ్లం, మనకెందుకు అయోడిన్ కొరత అని కోస్తావాళ్లు అడుగుతారు. నౌపడాలోనో చినగంజాంలోనో ఉప్పుమడుల్లో తేలిన కల్లుప్పులో సహజంగా ఉండే అయోడిన్ లెక్కలోకి రానంత తక్కువ. అయోడిన్ కలిపితేనే ఉంటుంది. ఈమధ్య పట్టణాల్లో గులాబీ రంగు రాతి ఉప్పు వంటింటికి చేరుతోంది. మామూలు ఉప్పు విషమని ప్రచారమూ జరుగుతోంది. ఆవకాయకు కల్లుప్పే కావాలంటే వాడుకోండి. రోజూ కూరలో, పప్పులో పడే ఉప్పు మాత్రం అయోడిన్ ఉప్పే అయి ఉండాలి. ముఖ్యంగా పెళ్లయిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో. గర్భంలోని శిశువుకు మొదటి మూడు నెలలూ సొంత థైరాయిడ్ పనిచెయ్యదు. ఆ వ్యవధిలో మెదడుకు అందేది తల్లి థైరాక్సినే.

ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్న ప్రశ్న కూడా హార్మోన్లకు ఉంది. మెదడు నుంచి అండాశయాల్ని, వృషణాల్ని నడిపించే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ గంటకో గంటన్నరకో ఒక విడత చొప్పున వస్తుంది. ఎర్న్‌స్ట్ నోబిల్ 1970ల్లో కోతుల మీద చూపించిన సంగతి ఆశ్చర్యకరమైనది. ఆ హార్మోన్‌నే గంటకోసారి ఇస్తే పిట్యూటరీ పనిచేస్తుంది, ఆపకుండా ధారగా ఇస్తే పిట్యూటరీ మూగబోతుంది. పదార్థం అదే, పద్ధతి మారితే ఫలితం తలకిందులవుతుంది. ఏడెనిమిదేళ్లకే యుక్తవయసు లక్షణాలు వచ్చే ఆడపిల్లలకు ఈ సూత్రంతోనే వైద్యం చేస్తున్నాం.

కార్టిసాల్ ఇంకో ఉదాహరణ. మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథుల నుంచి ఇది తెల్లవారుజామున ఉధృతంగా, అర్ధరాత్రి అతి తక్కువగా వస్తుంది. జ్వరం వచ్చినా, ఎముక విరిగినా, ఆపరేషన్ జరిగినా పెరిగి రక్తపోటు పడిపోకుండా కాపాడుతుంది. దీని పైన కూడా పిట్యూటరీ కొలత ఉంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో కదలలేని రోగికి ఈ జాతికే చెందిన కార్టిజోన్ ఇస్తే కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. రెండేళ్లు తిరిగేసరికి, 1950లో, నోబెల్ వచ్చేసింది. ఆ మందు చలవతో ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కలేదు. నేనూ రోజూ రాస్తాను.

కానీ ఇలాంటి స్టిరాయిడ్ మాత్ర వారాల తరబడి మింగితే ఏం జరుగుతుందో ఇప్పటిదాకా చెప్పినదాన్ని బట్టి మీరే ఊహించగలరు. రక్తంలో కావలసినంత ఉందని పిట్యూటరీ లెక్క వేసుకుంటుంది. తన సంకేతం ఆపేస్తుంది. సంకేతం లేక అధివృక్క గ్రంథి కుంచించుకుపోతుంది. ఒకరోజు ఆ మాత్ర ఠక్కున మానేస్తే, రక్తంలో కార్టిసాల్ ఉండదు, తయారుచేసే గ్రంథి నిద్రలో ఉంటుంది, అది లేవడానికి నెలలు పడుతుంది. ఆలోగా ఒక విరేచనాల జబ్బో, జ్వరమో వస్తే రక్తపోటు పడిపోయి మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మన పల్లెల్లో మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి ఎవరో ఇచ్చిన పేరులేని పొడులూ, చీటీ లేకుండా షాపులో కొన్న చిన్న తెల్ల మాత్రలూ ఏళ్లపాటు వాడి, మొహం గుండ్రంగా ఉబ్బి, చర్మం పలుచబడి వచ్చేవాళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్ల మీద నాకు కోపం లేదు. నొప్పి నిజంగానే తగ్గింది కాబట్టి వాడారు. వాళ్లకు చెప్పవలసిన మాట ఒక్కటే: డాక్టర్‌కు చూపించకుండా మొదలుపెట్టకండి, మొదలుపెట్టి ఉంటే హఠాత్తుగా ఆపకండి. మెల్లగా తగ్గిస్తే గ్రంథి మళ్లీ తన పనిలోకి వస్తుంది.

ఇన్సులిన్ గురించి ఎంతో చెప్పవచ్చు, నేను క్లుప్తంగా ముగిస్తాను. క్లోమంలోని బీటా కణం చక్కెరను తానే కొలుస్తుంది, తానే ఇన్సులిన్ వదులుతుంది. టైప్ 1 మధుమేహంలో శరీర రక్షణ వ్యవస్థే ఆ కణాల్ని నాశనం చేస్తుంది. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇచ్చేదాకా ఇది పిల్లల పాలిట మరణశిక్ష. కనిపెట్టినవాళ్లు పేటెంటును విశ్వవిద్యాలయానికి ఒక్కొక్క డాలరుకు రాసిచ్చారు. ఆ జబ్బు ఉన్న పిల్లవాడి ఇంట్లో ఇప్పుడు బీటా కణం పనిని అమ్మ చేస్తోంది. వేలి కొసన చుక్క తీసి కొలిచి, అన్నం ఎంతో చూసి, సూది ఎంతో నిర్ణయిస్తోంది. రోజుకు నాలుగైదుసార్లు, ఏళ్ల తరబడి. ఆకుపసరుతో తగ్గుతుంది, సూది మానెయ్యండి అని ఆ ఇంటికి వెళ్లి సలహా చెప్పేవాళ్లు ఆ బిడ్డకు శత్రువులతో సమానం. ఇంతకంటే మెత్తగా నేను చెప్పలేను.

ఇక మొదట్లో చెప్పిన, మన దేశం ఇంకా అందరికీ అందించని ఆ కొలత దగ్గరికి వస్తాను. కొంతమంది పిల్లలు థైరాయిడ్ లేకుండానో, సరిగా ఎదగని థైరాయిడ్‌తోనో పుడతారు. కడుపులో ఉండగా తల్లి థైరాక్సిన్ కొంత ఆదుకుంటుంది కనుక పుట్టినప్పుడు బిడ్డ చూడడానికి బాగానే ఉంటుంది. కామెర్లు కాస్త ఎక్కువరోజులు ఉంటాయి. నిద్ర ఎక్కువ, ఏడుపు తక్కువ. బుద్ధిమంతుడు, అల్లరి లేదు అని ఇంట్లో మురిసిపోతారు. లక్షణాలు అందరికీ కనబడేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ నెలల్లో మెదడుకు జరిగిన నష్టాన్ని తర్వాత ఎంత మందు ఇచ్చినా పూడ్చలేం.

ఆ బిడ్డ పిట్యూటరీ మాత్రం మొదటి వారంలోనే లోటు కొలిచేసింది. టీఎస్‌హెచ్ విపరీతంగా పెంచి కూర్చుంది. ఆ అంకెను చదివేవాళ్లు లేరు, అంతే. పుట్టిన మూడోరోజు ప్రాంతంలో మడమ దగ్గర చిన్న పోటు పొడిచి, రెండు మూడు చుక్కల రక్తం వడపోత కాగితం మీద పట్టి ఆరబెడితే చాలు. 1970ల్లో కెనడాలోని క్విబెక్‌లో ఝాన్ దుస్సో ఈ పద్ధతిని మొదలుపెట్టారు. చాలా దేశాల్లో ఇప్పుడు ఏ శిశువూ ఈ పరీక్ష లేకుండా ఉండదు. రెండు వారాలలోపు థైరాక్సిన్ మొదలుపెడితే ఆ పిల్లలు అందరు పిల్లల్లాగే చదువుకుంటారు. మాత్రను నలిపి కొంచెం తల్లిపాలలో కలిపి పట్టడమే వైద్యం. అది మన దేశంలో చవకగా దొరికే మందుల్లో ఒకటి.

మన దగ్గర ఈ జబ్బు అరుదనుకుంటే పొరపాటు. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో వివిధ నగరాల్లో లక్షకు పైగా శిశువుల్ని పరీక్షించిన అధ్యయనంలో సుమారు 1,130 మందికి ఒకరిలో ఇది బయటపడింది. పాశ్చాత్య దేశాల్లో సాధారణంగా చెప్పే లెక్క రెండు వేల నుంచి నాలుగు వేల మందికి ఒకరు. కేరళ, గోవా లాంటి రాష్ట్రాలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో నవజాత శిశువుల పరీక్షలు మొదలుపెట్టి చూపించాయి. దేశం మొత్తానికి మాత్రం ప్రతి శిశువుకూ అందే కార్యక్రమం ఇంకా లేదు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అడిగినవాళ్లకు, డబ్బు పెట్టగలిగినవాళ్లకు జరుగుతోంది. అడగాలని తెలియని తల్లి బిడ్డ సంగతి ఏమిటి?

సభలో ఉన్న పిల్లల డాక్టర్లకు, గైనకాలజిస్టులకు, ఆరోగ్యశాఖ అధికారులకు నా విజ్ఞప్తి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కాన్పు జరిగే ప్రతి ఆస్పత్రిలో, పీహెచ్‌సీ నుంచి బోధనాస్పత్రి దాకా, టీకాల కార్డులో పోలియో చుక్కలకు ఒక గడి ఉన్నట్టే టీఎస్‌హెచ్‌కూ ఒక గడి ఉండాలి. దాన్ని నింపకుండా డిశ్చార్జి చీటీ రాయకూడదు. అంకె ఎక్కువ వచ్చిన బిడ్డను ఆశా కార్యకర్త వెతికి పట్టుకుని మందు మొదలయ్యేదాకా వదలకూడదు. వైద్యంతో సంబంధం లేని పెద్దలకు కూడా ఒక మాట. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ దగ్గర పనిచేసేవాళ్ల ఇంట్లోనో కాన్పు ఉంటే, పేరు పెట్టే ముహూర్తం అడిగే ముందు, "పాపకు థైరాయిడ్ పరీక్ష చేశారా?" అని డాక్టరును అడగండి. చెయ్యకపోతే చేయించండి. పుట్టిన మూడోరోజు నుంచి రెండో వారం లోపల.